ఉపవాసం వేరు, పస్తు వేరు

ఉపవాసం అనగానే అదేదో మన దేశంలోనే పుట్టి, మన ఆడవాళ్ళతోనే పెరిగిన ఆచారమని మనం అనుకుంటాం. ఏకాదశి, శివరాత్రి, నాగుల చవితి, కార్తిక సోమవారాలు, అట్లతద్ది... ఏడాది పొడుగునా మన పంచాంగంలో ఒక్కపొద్దులకు కరువు లేదు మరి. ఇటీవల ఇదే సంగతి ఇంకో దారిన మన ఇళ్ళలోకి వస్తోంది. రోజులో 16 గంటలు ఏమీ తినకుండా ఉండి మిగతా 8 గంటల్లోనే భోజనాలు ముగించడం, లేదా వారంలో 5 రోజులు మామూలుగా తిని 2 రోజులు బాగా తగ్గించడం. దీనికి ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అని పేరు. కోడలు ఫోనులో గంటలు లెక్కపెట్టుకుంటూ ఉంటే, అత్తగారు “ఇందులో కొత్తేముందమ్మా, మా ఒక్కపొద్దే కదా!” అంటున్నారు.

ఇద్దరి మాటా అలా ఉంచి, మనకు చాలా దూరంలో, 2,400 ఏళ్ళ కిందట కొందరు ఇల్లాళ్ళు చేసిన ఉపవాసం గురించి ఇవాళ చెప్పుకుందాం. అది గ్రీసు దేశంలో, ఏథెన్సు నగరంలో. క్రైస్తవ మతం రాకముందు అక్కడివాళ్ళు మనలాగే ఎందరో దేవతలను కొలిచేవారు. తరవాతి కాలంలో అటువంటివారిని ‘పేగన్లు’ అన్నారు. లాటిన్ భాషలో ఆ మాటకు మూలార్థం పల్లెటూరివాళ్ళు అని. అందులో కాస్త చిన్నచూపు ఉన్నమాట నిజమే. కాని ఆ చిన్నచూపు చూసినవాళ్ళు గమనించని విషయం ఒకటి ఉంది. ఉపవాసానికీ పస్తుకూ ఉన్న తేడా ఏథెన్సు ఇల్లాళ్ళకు బాగా తెలుసు.

ముందు వాళ్ళ బతుకు ఎలాంటిదో చూద్దాం. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనం పాఠాల్లో చదువుకున్న ఊరు ఏథెన్సు. ఆ ప్రజాస్వామ్యంలో ఆడదానికి ఓటు లేదు. సభలో మాట్లాడే హక్కు లేదు. న్యాయస్థానానికి తనంతట తాను వెళ్ళే వీలు లేదు. పెళ్ళికి ముందు తండ్రి, తరవాత భర్త, భర్త పోతే కొడుకు ఆమెకు సంరక్షకులు. ఒక మెదిమ్నోసు బార్లీ విలువకు మించిన బేరం స్త్రీ చేయకూడదని అక్కడ ఒక చట్టం కూడా ఉండేది. మెదిమ్నోసు అంటే సుమారు 50 లీటర్ల కొలత. అంటే ఇంట్లో గింజలు విసిరి, దంచి, రొట్టెలు కాల్చే మనిషి ఆ గింజలే ఓ బస్తాకు మించి కొనాలన్నా, అమ్మాలన్నా మగవాడి నోటి మాట కావాలన్నమాట.

అటువంటి ఊళ్ళో ఏడాదికి మూడు రోజులు మాత్రం ఇల్లాళ్ళవి. ఆ పండుగ పేరు థెస్మోఫోరియా. పంటల తల్లి డిమిటర్ పండుగ అది.

డిమిటర్ కథ తెలిస్తే గాని ఆ ఉపవాసం అర్థం కాదు. ఆమెకు ఒక్కగానొక్క కూతురు, పెర్సెఫొని. పాతాళానికి రాజైన హేడిస్‌కు ఆ పిల్లనిస్తానని తండ్రి జ్యూస్ మాట ఇచ్చాడు. తల్లిని అడగలేదు. పిల్లను అసలే అడగలేదు. పచ్చికబయట్లో పూలు కోసుకుంటున్న పిల్లను, భూమి చీల్చుకుని వచ్చి ఆ రాజు ఎత్తుకుపోయాడు. కూతురి కేక విన్న తల్లి రెండు చేతులా కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు భూమంతా గాలించింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె తిండి ముట్టలేదు, స్నానం చేయలేదు.

చివరికి ముసలమ్మ వేషంలో ఎలూసిస్ అనే ఊరు చేరి, అక్కడి రాజుగారింట్లో అడుగుపెట్టింది. ఏథెన్సుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉందా ఊరు. మంచి ఆసనం చూపిస్తే కూర్చోలేదు. పలకలేదు, నవ్వలేదు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ ఇంట్లో ఇయాంబి అనే పనిమనిషి ఉండేది. ఆమె ఏవో కొంటె మాటలు, వేళాకోళాలు ఆడి ఆ తల్లిని నవ్వించింది. నవ్విన తరవాత రాణి ద్రాక్షసారా ఇవ్వబోతే డిమిటర్ వద్దంది. బార్లీ పిండి నీళ్ళలో కలిపి, పుదీనా జాతి ఆకు వేసి ఇమ్మని అడిగి తాగింది. మనం జ్వరం తగ్గినవాళ్ళకు బార్లీ జావ ఇవ్వమూ? అలాంటిదే. దాన్ని కైకియోన్ అనేవారు. ఎలూసిస్‌లో జరిగే రహస్య దీక్షకు వచ్చినవాళ్ళు కూడా ఆ తల్లి పడ్డ బాధను తామూ పడి, మొదట ఉపవాసం ఉండి, ఆ తరవాత ఈ జావతోనే దాన్ని ముగించేవారు.

ఇంతటితో కథ అయిపోలేదు. పిల్లను తిరిగి ఇస్తే తప్ప భూమి మీద ఒక్క గింజ మొలవనివ్వనని డిమిటర్ పట్టుపట్టింది. ఏడాది పాటు కరువు. మనుషులు నైవేద్యం పెట్టలేక దేవతలకూ తిండి లేకపోయింది. అప్పుడు గాని జ్యూస్ దిగిరాలేదు. అయితే పెర్సెఫొని పాతాళంలో దానిమ్మ గింజ తినేసింది. అందుచేత ఏడాదిలో మూడో వంతు అక్కడా, మిగతా రెండు వంతులు తల్లి దగ్గరా ఉండేటట్టు ఒప్పందం కుదిరింది. అల్లుడి ఇంటినుంచి కూతురు రావాలని కాచుకు కూర్చునే తల్లి మనసు ఎవరికి తెలియదు చెప్పండి?

ఇప్పుడు పండుగ దగ్గరికి వద్దాం. గ్రీకుల నెల కూడా అమావాస్య వెళ్ళిన నెలవంకతో మొదలవుతుంది. ప్యానెప్సియోన్ అనే నెలలో 11, 12, 13 తేదీల్లో ఏథెన్సులో ఈ పండుగ జరిగేది. మన లెక్కలో చెప్పాలంటే ఆశ్వయుజ కార్తికాల ప్రాంతంలో, శుద్ధ ఏకాదశి, ద్వాదశి, త్రయోదశి రోజులన్నమాట. తొలకరించి అక్కడ గోధుమ, బార్లీ విత్తే అదను అది.

మొదటి రోజు పేరు ‘అనోదోస్’, అంటే పైకి ఎక్కడం. పౌరుల భార్యలు పూజసామగ్రి మోసుకుని గుడి ఆవరణకు వెళ్ళి, గుడిసెలు వేసుకుని అక్కడే దిగేవారు. మగవాళ్ళకు ప్రవేశం లేదు. పండుగ ముందునుంచీ భర్తకు దూరంగా ఉండాలి. పక్కల మీద ఒక చెట్టు ఆకులు పరుచుకునేవారని ప్లినీ అనే రోమను పండితుడు రాశాడు. ఆ చెట్టు మరేదో కాదు, మన వావిలికి దగ్గరి చుట్టం. కోరికలను చల్లారుస్తుందని వాళ్ళ నమ్మకం.

రెండో రోజు పేరు ‘నెస్తేయా’. ఉపవాసం అనే అర్థం. ఆ రోజు ఆడవాళ్ళు అన్నం ముట్టకుండా, కటిక నేల మీద, డిమిటర్ కూర్చున్నట్టే దిగులుగా కూర్చునేవారు. ఆ పండుగలో అన్నింటికంటె విషాదమైన రోజు అదేనని ప్లూటార్కు అనే చరిత్రకారుడు రాశాడు. డెమొస్తనీస్ అనే మహావక్త విషం తాగి చనిపోయింది కూడా అలాంటి రోజునేనట. అది క్రీ.పూ. 322 నాటి మాట.

ఆ ఒక్క రోజు న్యాయస్థానాలు కూర్చోవు. నగర మండలి సమావేశం కాదు. ఏథెన్సు మగవాళ్ళకు సభలూ కోర్టులూ అంటే ప్రాణం. అలాంటి ఊళ్ళో ఆడవాళ్ళ ఒక్కపొద్దు కోసం అవి ఆగిపోయేవి. క్రీ.పూ. 411లో అరిస్తోఫనీస్ రాసిన నాటకం ఒకటి సరిగ్గా ఈ ఉపవాసం రోజునే జరుగుతుంది. అందులో ఒక ముసలాయన ఆడవేషం వేసుకుని ఈ పండుగలో దూరతాడు. దొరికిపోయే సమయానికి ఒకావిడ చంకలోని పసిబిడ్డను లాక్కుంటాడు. బట్టలు విప్పి చూస్తే అది బిడ్డ కాదు, సారా నింపిన తోలుతిత్తి! ఉపవాసం పేరుతో ఆడవాళ్ళు చాటుగా తాగుతారని ఆయన హాస్యం. లోపల ఏం జరుగుతుందో మగవాళ్ళకు తెలియదు గనక వాళ్ళకు తోచినట్టు ఊహించుకున్నారన్నమాట. ఆ మాత్రం కుతూహలం ఉండడం సహజమే కదా.

దిగులు ఒక్కటే కాదు, ఈ పండుగలో ఇయాంబి చేసినట్టు ఒకరినొకరు వేళాకోళం చేసుకోవడం, మొహమాటం లేని బూతు మాటలు ఆడుకోవడం కూడా ఉండేది. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళను ఆటపట్టిస్తూ పాడే పాటలు విన్నవాళ్ళకు ఇది వింతగా తోచదు. ఇంకో ఆచారం వింటే కొందరికి ఏవగింపు కలగవచ్చు. అంతకుముందే లోతైన గోతుల్లో పందిపిల్లలను వేసేవారు. కుళ్ళి మిగిలినదాన్ని, మూడు రోజులు నియమంగా ఉన్న స్త్రీలు దిగి పైకి తెచ్చి, వేదిక మీద పెట్టి, విత్తనాలతో కలిపి చల్లడానికి ఇచ్చేవారు. చావునుంచి ఎరువు, ఎరువునుంచి మొలక. రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు.

మూడో రోజు ‘కల్లిగెనేయా’. చక్కని సంతానం కలగాలని కోరుకునే రోజు. ఆ రోజు ఉపవాసం ముగించి విందు చేసుకునేవారు.

మరి ఈ విందు ఖర్చు ఎవరిది? ఇక్కడే అసలు సంగతి ఉంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇసేయస్ అనే ఆయన కోర్టు వ్యవహారాలకు ఉపన్యాసాలు రాసి ఇచ్చేవాడు. వాటిలో ఒకదాన్నిబట్టి, మూడు టాలెంట్ల ఆస్తి ఉన్న మగవాడు తన భార్య తరపున ఈ పండుగలో ఊరి ఇల్లాళ్ళకు విందు చేయక తప్పదని తెలుస్తోంది. ఒక టాలెంటు అంటే 6,000 ద్రాఖ్మాలు. పనితనం ఉన్న కూలివాడికి రోజుకు ఒకటి రెండు ద్రాఖ్మాలు దొరికే కాలం. అంటే కలిగినవాడు డబ్బు పెట్టాలి, ఆడవాళ్ళు కూర్చుని తినాలి.

ఇసేయస్ రాసిన మరో కేసు ఇంకా బాగుంటుంది. ఒక తాతగారి ఆస్తికోసం తగాదా. మీ అమ్మ ఆయనకు సక్రమంగా పుట్టిన కూతురే కాదని అవతలివాళ్ళ వాదన. ఈ మనవళ్ళు చూపిన సాక్ష్యాలలో ఒకటి ఏమిటంటే, ఊరి ఇల్లాళ్ళందరూ కలిసి మా అమ్మను థెస్మోఫోరియాకు పెద్దగా ఎన్నుకున్నారు, అలాంటి మనిషి కాకపోతే ఎన్నుకుంటారా అని. చూశారా! ఓటు లేని ఆడవాళ్ళు తమలో తాము ఎన్నిక జరుపుకున్నారు. ఆ ఎన్నిక మగవాళ్ళ కోర్టులో సాక్ష్యమై నిలిచింది.

అయితే ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. అది పౌరుల భార్యల పండుగ. ఆ ఇళ్ళలోనే తిరగలి తిప్పే బానిస స్త్రీలకు ఆ గౌరవం లేదు. వాళ్ళది ఉపవాసం కాదు, పస్తు. ఒక ఊళ్ళోనే రెండూ పక్కపక్కన ఉండేవి.

ఈ ఆచారం ఏథెన్సుతో ఆగలేదు. ఈజిప్టులో గ్రీకులు కట్టుకున్న అలెగ్జాండ్రియా నగరంలో, క్రీ.పూ. 3వ శతాబ్దంలో కల్లిమాకస్ అనే కవి డిమిటర్ పూజ గురించి రాశాడు. అందులో స్త్రీలు నోరెండిపోయేలా ఉపవాసం ఉండి, సాయంత్రపు చుక్క కోసం ఎదురుచూస్తారు. డిమిటర్‌ను మంచినీళ్ళు తాగమని ఒప్పించింది ఆ చుక్కేనట. కార్తిక సోమవారం నక్షత్రం చూశాకే నోట్లో ఏదైనా వేసుకునే మన ఆడవాళ్ళు ఆ పూజకు వెళ్ళినా పరాయివాళ్ళలా ఉండరేమో.

రోములో ఈ దేవతను సిరీస్ అన్నారు. ఆమె పూజ గ్రీకు పద్ధతిలోనే జరగాలని, నేపుల్సు, వెలియా అనే గ్రీకు ఊళ్ళనుంచి పూజారిణులను పిలిపించి, వాళ్ళకు రోమను పౌరసత్వం ఇచ్చేవారని సిసిరో చెప్పాడు. క్రీ.పూ. 216లో కన్నే యుద్ధంలో హానిబాల్ చేతిలో రోమను సైన్యం నాశనమైపోయింది. ఊళ్ళో ఏ ఇల్లాలూ మైల లేకుండా లేదు. మైలలో ఉన్నవాళ్ళు పూజ చేయకూడదు. సిరీస్‌కు ఏటా జరిగే పూజ ఆగిపోయింది. చివరికి సెనేటు కూర్చుని, శోకం 30 రోజులు దాటకూడదని నిర్ణయం చేసింది. ఆడవాళ్ళు పూజకు రాకపోతే రాజ్యం నడవదని మగవాళ్ళు ఒప్పుకున్నట్టే కదా.

క్రీ.పూ. 191లో ఏవో అపశకునాలు కనిపిస్తే రోమను పెద్దలు తమ పవిత్ర గ్రంథాలు తిరగేసి, అయిదేళ్ళకొకసారి సిరీస్ పేరిట ఉపవాసం ఉండాలని ప్రకటించారు. తరవాత అది ఏటా వచ్చే పర్వమైంది. క్రీ.శ. 1వ శతాబ్దపు రాతి పంచాంగంలో అక్టోబరు 4వ తేదీ దగ్గర సిరీస్ ఉపవాసం అని చెక్కి ఉంది.

క్రీ.శ. 392లో చక్రవర్తి థియొడోసియస్ పాత దేవతల పూజలను నిషేధించాడు. బలులు కూడదన్నాడు. ఇంట్లో దేవతల ముందు దీపం పెట్టకూడదు, ధూపం వేయకూడదు, దండ వేయకూడదు అన్నాడు. దీపం పెడితే పొరుగువాళ్ళకు వెలుతురు కనిపిస్తుంది, ధూపం వేస్తే వాసన వస్తుంది. తినకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది? ఏథెన్సులో ప్రోక్లస్ అనే తత్త్వవేత్త ఉండేవాడు. క్రీ.శ. 412లో పుట్టి 485లో చనిపోయాడు. ఆయన ప్రతి నెలా ఒక రోజు, ముందు రాత్రి భోజనం కూడా మానుకుని, పూర్తిగా ఉపవాసం ఉండేవాడని శిష్యుడు మరీనస్ రాశాడు. ఆయనకు పాత పూజల రహస్య విద్య నేర్పింది ఎవరనుకున్నారు? అస్క్లెపిగెనేయా అనే స్త్రీ. తండ్రి దగ్గర నేర్చుకున్న ఆ విద్య అప్పటికి ఆమె ఒక్కతెకే తెలుసునట. పూజలన్నీ పోతున్న కాలంలో మిగిలిన విద్యను ఒక ఆడమనిషి దాచి అందించింది.

ఇక మన సంగతి. ఏథెన్సు ఇల్లాళ్ళ ఉపవాసంలో నాకు మూడు విషయాలు కనిపిస్తాయి. దానికో రోజు ఉంది, మొదలూ చివరా ఉన్నాయి. దానికి తోడు ఉంది, ఒంటరిగా ఎవరూ కడుపు మాడ్చుకోలేదు. మూడోది, దానికి విశ్రాంతి ఉంది. ఉపవాసం ఉన్న మనిషి ఆ రోజు పొయ్యి దగ్గర లేదు. మర్నాడు ఆమె ముందుకు విందు వచ్చింది.

ఇప్పుడు మన ఇళ్ళలో చూడండి. ఏకాదశి నాడు మనం తినకపోయినా, పిల్లలకు టిఫిను, ఆయనకు క్యారేజీ, మామగారికి మెత్తటి అన్నం మన చేతులమీదుగానే జరగాలి. ద్వాదశి పారణకూ మనమే తెల్లారకముందే లేచి వండాలి. అది కూడా పోనీ, దేవుడి పేరున సంతోషంగా చేస్తాం. కాని ఏ తిథీ లేని మామూలు రోజున అందరి భోజనాలయ్యాక మధ్యాహ్నం మూడింటికి, అడుగంటిన కూరతో, పాలు అయిపోయిన కాఫీతో సరిపెట్టుకుంటామే, దాన్నేమనాలి? దానికి సంకల్పం లేదు, దేవత లేదు, పారణ లేదు. దాన్ని చాలామంది ఓపిక అంటారు. దాని అసలు పేరు పస్తు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి కారణాలు అనేకం. అందరికంటె చివర, మిగిలింది తినడం వాటిలో ఒకటి కాదని ఎవరనగలరు?

అందుచేత గంటలు లెక్కపెట్టే కోడలికీ, తిథులు లెక్కపెట్టే అత్తగారికీ కూడా నేను చెప్పేది ఒకటే. ఉపవాసం ఉండదలుచుకుంటే నిండుగా ఉండండి. మధుమేహానికి మందు వేసుకునేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టరును అడగకుండా పూనుకోకండి. ఆ రోజు వంటగది ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. కొడుకైనా సరే, ఆయనైనా సరే, ఒక్క పూట చారు పెట్టుకోవడం ఎవరికీ అసాధ్యం కాదు. వీలైతే ఇరుగుపొరుగువాళ్ళను పిలిచి కలిసి కూర్చోండి, కబుర్లు చెప్పుకోండి, కాస్త నవ్వుకోండి. పారణ వేళ మీ కంచంలో ఇంకొకరు వడ్డించేటట్టు చూసుకోండి. ఇక మిగతా రోజుల్లో, అందరితోపాటు మీ కంచమూ పెట్టుకుని వేళకు భోజనం చేయండి.

ఆ రోజుల్లో పంటల తల్లే తన ఉపవాసం విరమించి బార్లీ జావ అడిగి మరీ తాగింది. మనం మన ఇంట్లో మన అన్నం అడిగి తినడానికి మొహమాటం దేనికి? సెలవు.